నెల్లూరు ఎండల్లో సాక్సఫోన్ రీడు

జాజ్ సంగతి తర్వాత, ముందు రీడు, అంటే ఊదితే అదిరి స్వరం పుట్టించే పల్చటి రెల్లు బద్ద, మాట వినాలి. ఆల్టో రకం సాక్సఫోన్‌కి కొత్తవాళ్లు 2 లేదా 2.5 నంబరు (రీడు గట్టిదనం) తీసుకోండి. నాలుగు రీడులు ఉంచుకుని రోజుకొకటి మార్చండి. రోహిణి కార్తెలో కొస అలలు తిరిగితే, రెండు నిమిషాలు నీళ్లలో నానబెట్టి గాజుపలక మీద అదమండి. బిగించేటప్పుడు రీడు కొసకి పైన మౌత్‌పీస్ (నోట పెట్టుకునే భాగం) నల్లంచు వెంట్రుకవాసి కనిపించాలి. రీడు పైకి పోతే ఊదడం బరువు, మరీ కిందికి జారితే కీచుమంటుంది.

మలై కాజా తిన్నారా? పుక్కిలించాకే ఊదండి. తీపి ఉమ్మికి జి షార్ప్ స్వరపు ప్యాడ్ (రంధ్రాన్ని మూసే తోలు బిళ్ళ) అతుక్కుని మీట నొక్కినా లేవదు. కింద సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా మూసి తెరవండి. మూసి ఉంచి లాగారో, తోలు చిరుగుతుంది. వాయించాక రీడు తుడిచి, గొట్టంలో గుడ్డ లాగండి. తడిమీదే పెట్టెలో పెడితే కార్తీక వానలకి బూజే.