ఇటలీలో ఇంటిల్లిపాదీ నడిపే హోటల్లో తినబోయే ముందు

ఆగస్టులో ఇటలీ వెళ్తూ, అక్కడి కుటుంబాలు నడిపే త్రాత్తోరియాలో ఓ పూట తినాలనుకుంటే ఇవి చూసుకోండి.

• ధర పక్కన ‘ఎత్తో’ అని ఉందా? అది 100 గ్రాముల రేటు. 7 యూరోలేగా అని చేప చెప్పేస్తే, 800 గ్రాములది వచ్చి 56 యూరోలు పడుతుంది. వండకముందే తూకం వేయించి, మొత్తం ఎంతో అడగండి. ఫ్లోరెన్స్ బీఫ్ స్టేక్‌కీ తూకం లెక్కే, పైగా ఒక్కొక్కటి కిలో పైనే ఉంటుంది.

• శాకాహారులకు అసలు చిక్కు అమాత్రిచానా. ఎర్రగా, అచ్చం టమాటా పాస్తాలా ఉంటుంది. అందులో వేసేది గ్వాంచాలే, అంటే పంది దవడ మాంసం. కార్బొనారా పాస్తాలోనూ అదే. పార్మిజానో చీజ్ కోసం పాలని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు, పట్టింపు ఉంటే వద్దనండి. ‘పెపెరోనీ’ని మాత్రం పిజ్జా మీద వేసే మాంసం అనుకుని భయపడక్కర్లేదు, అక్కడ అది క్యాప్సికమే!

• ఆగస్టు 15 ఫెర్రాగోస్తో సెలవు. దాని చుట్టుపక్కల రోజుల్లో చాలామంది హోటళ్లవాళ్లు తాళం వేసి సముద్రపు ఒడ్డుకి పోతారు. ముందే ఫోన్ చేయండి.

• సాయంత్రం 5కి ఆకలేస్తే బేకరీయే గతి. చాలాచోట్ల రాత్రి వంట 7:30కి మొదలు.

• బిల్లులో ‘కోపెర్తో’ కనిపిస్తే గొడవపడకండి. కూర్చున్నందుకు మనిషికి ఒకటి నుంచి మూడు యూరోలు, మెనూలోనే రాసి ఉంటుంది. నీళ్ల సీసాకి వేరే.

• టస్కనీ రొట్టెలో ఉప్పుండదు. మర్చిపోయారనుకుని, బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయకండి. వంటింటి గుమ్మంలోంచి అవ్వ చూస్తుంటుంది.