కార్పొరేటర్ దగ్గరకి వెళ్లేముందు

విశాఖపట్నం గోపాలపట్నంలో నాది జిరాక్స్ షాపు. అర్జీలు, ఆధార్ కాపీలు, ఓటు ఫారాలు, అన్నీ నా మిషన్ మీదుగానే పోతాయి. "అన్నా, వార్డు రాజకీయాల్లోకి రావాలంటే ఏటి చెయ్యాలి?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: నీ ఓటెక్కడుంది?

చాలామందికి ఇంకా విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉంటుంది. ఎన్నికలొస్తే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి వేసొస్తారు. తప్పేం లేదుగానీ, ఇక్కడి కార్పొరేటర్ లెక్కలో మీరు లేనట్టే. ఇక్కడే ఉంటున్నవాళ్లు ఫారం 8తో ఓటు మార్పించుకోవచ్చు. కొత్త ఓటుకైతే ఫారం 6. పద్దెనిమిది నిండాక జనవరి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలూ లెక్కలోకొస్తాయి. మీ బూత్ ఓటరు జాబితా చూసే అధికారి (బీఎల్‌ఓ) ఎవరో తెలీకపోతే 1950కి ఫోన్ చెయ్యండి.

ఇక అర్జీ. ఇక్కడే అందరూ తేలిపోతారు. "మా వీధి కాలువ సమస్య పరిష్కరించగలరు" అని రాస్తే ఏ వీధి, ఏ కాలువ అని ఎవరికి తెలుస్తుంది? "రామాలయం వెనక సందులో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కల్వర్టు దాకా కాలువ మీద పలకలు విరిగిపోయాయి, రాత్రిళ్లు బళ్లు పడుతున్నాయి" అని రాయండి. ఫొటో జతచెయ్యండి. ఒక కాగితంలో ఒకటే సమస్య. కింద సంతకాలతోపాటు డోర్ నంబర్లు కూడా ఉండాలి, అవి చూస్తేనే నాయకుడికి ఓట్లు కనిపిస్తాయి. కరెంటు పోతే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి, కాలువ, చెత్త, వీధిలైటుకైతే మన నగర కార్పొరేషన్ జీవీఎంసీకి ఇవ్వండి. పింఛను, రేషన్ కార్డైతే వార్డు సచివాలయం.

అక్కడ కదలకపోతే సోమవారం జీవీఎంసీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, అక్కడివ్వండి. రసీదు లేకుండా బయటికి రాకండి. "చూస్తాంలే అమ్మా" అన్న మాటకి ఫైలు నంబరుండదు. పని మంజూరైందంటూనే మొదలుపెట్టకపోతే ఆ పని ఖర్చు అంచనా కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు.

ఇలా నాలుగు అర్జీలు తిప్పితే వీధిలో మీ మొహం తెలుస్తుంది. పార్టీలవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. ఫ్లెక్సీలో ఫొటో వేస్తామంటే పొంగిపోకండి, బూత్ ఏజెంటుగా కూర్చోబెట్టమనండి. అసెంబ్లీ ఎన్నికలప్పుడు తెల్లారకుండా మాక్ పోల్‌కి (మిషన్లని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగుకి) వెళ్లి సాయంత్రం మిషన్లకి సీలు వేసేదాకా అక్కడే ఉంటే, ఏ ఇంటివాళ్లు ఓటుకొస్తారో, ఎవరు రారో తెలిసిపోతుంది.

పోటీకి 21 ఏళ్లు నిండాలి. 2021లో మన జీవీఎంసీలో 98 వార్డులకి ఎన్నికలు జరిగాయి, అందులో సగం ఆడవాళ్లకే రిజర్వయ్యాయి. రిజర్వేషన్ ఎటు తిరుగుతుందో తెలీకుండా ఒక్క వార్డు మీదే ఇల్లు తాకట్టు పెట్టేసేవాళ్లున్నారు. ఏ వార్డు ఎవరికో చెప్పే రిజర్వేషన్ జాబితా వచ్చాకే ఖర్చు మాటెత్తండి. అప్పటిదాకా మీ ఇంట్లో ఆడవాళ్లని కూడా అర్జీలకి వెంటబెట్టుకెళ్లండి, సీటు వాళ్లకే రావచ్చు.