వేడర్స్‌లోకి నీళ్ళు వస్తున్నాయా? ముందు చిల్లు దొరకాలి, జిగురు తర్వాత

ఫిబ్రవరిలో వేడర్స్ (నదిలో దిగి చేపలు పట్టేటప్పుడు వేసుకునే, పాదాలతో సహా నీళ్ళు చొరని పొడుగు ప్యాంటు) తొడుక్కుని యాకిమా నదిలో తొడల లోతు దిగి నిలబడ్డాక, ఎడమ కాలి వెంట సన్నగా చల్లటి నీళ్ళు జారుతున్నట్టు అనిపించిందంటే ఇక ఆ రోజు చేపల మీద మనసు నిలవదు. ఆ నెలలో నీళ్ళు 4, 5 డిగ్రీలు ఉంటాయేమో, కాసేపటికే కాలివేళ్ళు మొద్దుబారిపోతాయి. సియాటిల్ దగ్గర నాతోపాటు నదికి వచ్చే మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇదే అడిగారు, కొత్తవి కొనాలా అని. చాలాసార్లు అక్కర్లేదు. మంచి వేడర్స్ వందల డాలర్లు, ఒక ట్యూబు జిగురు ధర అందులో చాలా చిన్న వంతు, పని ఇంట్లో ఒక సాయంత్రం. కాకపోతే ఆ సాయంత్రంలో ముప్పావు వంతు చిల్లు వెతకడానికే పోవాలి.

అసలు అది లీకేనా కాదా అన్నది ముందు చూసుకోండి. గాలాడే బట్టతో చేసిన వేడర్స్ అయినా సరే, ఒడ్డు వెంబడి గంటసేపు నడిచి వచ్చి చల్లటి నీళ్ళలో దిగితే లోపల చెమట ఆవిరి బట్టకు అంటుకుని తడిగా తగులుతుంది. చెమట తడి అయితే రెండు కాళ్ళకీ, నడుము దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. లీకైతే ఒక సాక్సు పిండితే నీళ్ళు కారతాయి, రెండోది పొడిగా ఉంటుంది. బయటి బట్ట నీళ్ళు పీల్చుకుని ముదురు రంగుకి మారినా లీకని కంగారు పడనక్కర్లేదు, అది పైపూత అరిగిపోవడం. లేబుల్ చూసి ఉతికి, అది ఒప్పుకుంటే తక్కువ వేడి మీద డ్రయర్‌లో తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో మాట, ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. తడి ఎక్కడ తగిలిందో చిల్లు అక్కడే ఉంటుందని అనుకోకండి. ఒకసారి స్నోక్వాల్మీ నది ఒడ్డున బ్లాక్‌బెర్రీ పొదల్లోంచి దిగాను. ఇక్కడ నదుల పక్కన ఎక్కడ చూసినా అవే, మన తుమ్మముల్లంత పొడుగుండవు గానీ కొక్కెంలా వంగి బట్టని పట్టి లాగుతాయి. ఇంటికొచ్చి చూస్తే మోకాలి కింద ముల్లు గీత, లోపల అక్కడే తడి. అదే అనుకుని జిగురు పూసేశాను. మరుసటి వారం మళ్ళీ అదే కాలు తడిసింది. నీళ్ళు వస్తున్నది తొడ లోపలి వైపు కుట్టు దగ్గర, అక్కణ్ణుంచి కారి కిందకు చేరుతున్నాయి. కాబట్టి తడి మొదలైన చోటు నుంచి పైకి వెతకాలి. తొడల మధ్య కుట్లు, మోకాళ్ళ లోపలి వైపు, చీలమండ దగ్గర ముడత పడే చోటు, అడుగున ఉండే నియోప్రీన్ (మెత్తటి రబ్బరు నురుగు) సాక్సు మడమ. అనుమానం ముందు వీటి మీదే పెట్టుకోండి.

వేడర్స్ శుభ్రంగా ఉతికి పూర్తిగా ఆరబెట్టండి, లోపలా బయటా. కనీసం ఒక రోజు. మట్టి ఉంటే మచ్చ కనబడదు, తడి ఉంటే జిగురు అంటదు.

నీళ్ళని ఆపి చెమట ఆవిరిని బయటికి వదిలే గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న వేడర్స్‌కి నాకు తెలిసి అన్నిటికన్నా తేలికైన పద్ధతి రబ్బింగ్ ఆల్కహాల్. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ చాలు, స్ప్రే బాటిల్‌లో పోసుకోండి. కిటికీలు తీసి, స్టవ్వు, అగరుబత్తి లాంటివి దగ్గర లేకుండా చూసుకుని, వేడర్స్‌ని లోపలి వైపు బయటికి తిప్పి బల్ల మీద పరవండి. అరచేతి వెడల్పు చొప్పున స్ప్రే కొడుతూ వెళ్ళండి. చిల్లు ఉన్న చోట ఆల్కహాల్ పొరలోకి దిగిపోయి బట్ట మీద బూడిదరంగు చుక్క తేలుతుంది, చుట్టూ బట్ట మామూలుగానే ఉంటుంది. మొదట సూదిమొనంత, చూస్తుండగానే చిల్లర నాణెమంత. వెంటనే మార్కర్‌తో చుట్టూ సున్న చుట్టండి, ఎందుకంటే ఆల్కహాల్ ఆరగానే చుక్క మాయమైపోతుంది. ఒక చుక్క దొరకగానే ఆపేయకండి. ముళ్ళపొదలో దూరిన కాలికి ఒక్కటే చిల్లు ఉండటం నేనైతే చూడలేదు. ఈ పద్ధతి నియోప్రీన్ మీద పనిచేయదు, కొన్ని రకాల బట్టల మీద కూడా పనిచేయదు, అది గుర్తుంచుకోండి.

నియోప్రీన్ సాక్సుకి మన సైకిల్ పంక్చర్ షాపు పద్ధతే. ట్యూబులో గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తారు కదా, అదే. వేడర్స్ ఒక కాలిని పైనుంచి చాప చుట్టినట్టు బిగుతుగా చుడుతూ వస్తే గాలంతా సాక్సులోకి చేరుతుంది. దాన్ని బాత్‌టబ్‌లో ముంచి నెమ్మదిగా నొక్కండి. ముంచగానే బట్టకి అంటుకుని వచ్చే బుడగలు ఒక నిమిషంలో పోతాయి, ఒకే చోట నుంచి వరసగా వచ్చేదే లీకు. టబ్ లేకపోతే సబ్బునీళ్ళు రాసినా బుడగ తేలుతుంది. ఎవరైనా ఒకరు తోడుంటే మంచిది, చుట్టి పట్టుకోవడానికే రెండు చేతులూ సరిపోతాయి.

చీకటి గదిలో లోపల టార్చి పెట్టి బయట నుంచి వెలుతురు చుక్కలు చూసే పద్ధతి కూడా ఉంది, పెద్ద చిల్లులకి పర్వాలేదు. లోపల నీళ్ళు నింపి వేలాడదీసి చూసే పద్ధతి కుట్లకి బాగా పనికొస్తుంది గానీ, లీటరు నీళ్ళంటే కిలో బరువు, నడుము దాకా నింపితే ఉన్న కుట్లు కూడా ఊడతాయి. ఒక్కో కాలు, మోకాలి దాకా నింపి, అడుగున చెయ్యి ఆనించి చూడండి. తర్వాత మళ్ళీ పూర్తిగా ఆరబెట్టాలి, అదొక రోజు.

ఇక అతికించడం. ఎక్కువమంది వాడేది ఆక్వాసీల్ అనే జిగురు. ఆరాక రబ్బరులా సాగుతుంది కాబట్టి మోకాలు వంచినా పగలదు. ఇంట్లో ఉన్న సూపర్ గ్లూ మాత్రం పెట్టకండి, గట్టిపడి రెండు అడుగులు వేయగానే పెళుసుగా విరుగుతుంది. సున్న చుట్టిన చోట ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, తర్వాత చిన్న బొట్టు పెట్టి వేలితోనో ఐస్‌క్రీమ్ పుల్లతోనో చిల్లు చుట్టూ అర సెంటీమీటరు దాకా పలచగా పరవండి. మందంగా పూస్తే బలం అనుకుంటాం, నిజానికి మందమైన అంచు రాపిడికి లేస్తుంది. సూది చిల్లులకి లోపలి వైపు పూస్తే చాలు. నియోప్రీన్ సాక్సుకి మాత్రం లోపలా బయటా రెండు వైపులా పూయండి.

బట్ట చిరిగితే బయటి వైపు మాస్కింగ్ టేపు అంటించి అంచులు దగ్గరికి చేర్చి, లోపలి నుంచి జిగురు పూయాలి. ఆరాక టేపు పీకి బయట కూడా పలచగా ఒక పూత. రెండు అంగుళాలు దాటిన చిరుగుకి వేడర్స్‌తో వచ్చిన అతుకు ముక్కని మూలలు గుండ్రంగా కత్తిరించి వాడండి, చదరం మూలలు ముందు లేస్తాయి.

ఆరడానికి 8 నుంచి 12 గంటలు అంటారు, నేను మాత్రం ఒక రోజంతా ముట్టుకోను. పూసిన చోటు పైకి ఉండేలా బల్ల మీద పరిచి వదిలేయండి. రేపే నదికి వెళ్ళాలంటే ఎండకి గట్టిపడే యూవీ జిగురు ఉంది, ఎండలో పెట్టిన కాసేపటికి గట్టిపడుతుంది. ఒడ్డునే చిల్లు పడితే ఇదే ఆదుకుంటుంది కాబట్టి వెస్టు జేబులో ఒక చిన్న ట్యూబు ఉంచుకుంటాను. మబ్బు పట్టిన రోజు ఎక్కువసేపు పడుతుంది, చిన్న యూవీ టార్చి ఉంటే టెన్షన్ ఉండదు.

ఒకవేళ స్ప్రే కొట్టగానే చుక్కలు ఒకటీ రెండూ కాకుండా కాలంతా అలుముకుంటే, పొరే ఊడుతోందని అర్థం. ఒక్కో చుక్కకీ జిగురు పూస్తూ కూర్చుని లాభం లేదు. చేసిన కంపెనీకి రిపేరు సర్వీసు ఉందేమో అడగండి, లేకపోతే అప్పుడు కొత్తవి కొనండి.

బాగుచేశాక మళ్ళీ రాకుండా ఉండాలంటే కార్ పక్కన బూట్లు మార్చుకునేటప్పుడు కంకర మీద సాక్సుతో నిలబడకండి, ఒక పాత డోర్ మ్యాట్ వేసుకోండి. బూట్లో ఇసుక చేరితే అది లోపల గరుకు కాగితంలా రుద్దుతుంది, ఇంటికి రాగానే దులిపి కడగండి. తడి వేడర్స్‌ని డిక్కీలో కుక్కి వదిలేయకండి.

మిగిలిన ఆక్వాసీల్ ట్యూబు ఒకసారి తెరిస్తే గాలిలోని తేమకే గట్టిపడిపోతుంది. మూత చుట్టూ తుడిచి, గట్టిగా బిగించి, జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్ళు తిండి వస్తువనుకోకుండా కవర్ మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. వాడేముందు గంటసేపు బయటపెడితే మళ్ళీ మెత్తగా జారుతుంది.