కంపెనీ స్టీరియోను మార్చకుండా కారులో యాంప్లిఫయర్ అమర్చుకునే విధానం

ఈ మధ్య వస్తున్న కార్లలో రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు, కొన్నింటిలో ఏసీ సెట్టింగులు కూడా డ్యాష్‌బోర్డు మీది టచ్ స్క్రీన్‌తో ముడిపడి ఉంటాయి. అందువల్ల దాన్ని తీసేసి వేరొక స్టీరియో పెట్టడం కంటే, ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి వెనుక ఒక యాంప్లిఫయర్‌ను చేర్చడమే చాలామందికి అనువైన దారి. అయితే యాంప్లిఫయర్ తనకు అందిన సిగ్నల్‌ను పెంచుతుందే గాని బాగుచేయదు. డబ్బు ఎక్కువగా దాని మీదే ఖర్చవుతున్నా, చివరికి చెవికి వినిపించే ఫలితాన్ని నిర్ణయించేవి మాత్రం దానికి మనం ఇచ్చే సిగ్నల్, కరెంటు, ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరే కలయిక).

కంపెనీ స్టీరియోలోని చిప్ నేరుగా బ్యాటరీ వోల్టేజీ మీద పనిచేస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు అందే 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకరుకు, నష్టాలేవీ లేవనుకున్నా, దాదాపు 26 వాట్లకు మించి వక్రీకరణ (శబ్దం రూపు చెడటం) లేని శక్తిని ఇవ్వడం సాధ్యం కాదు. నష్టాలు పోగా ఒక్కో ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకరు లైనుకు, 15 నుంచి 20 వాట్లు మిగులుతాయి. విడిగా కొనే యాంప్లిఫయర్ బ్యాటరీ వోల్టేజీని లోపలే పెంచుకుని వాడుకుంటుంది కాబట్టి దానికి ఆ పరిమితి లేదు. శబ్దం పెరగడం కంటే, మామూలు స్థాయిలో వింటున్నప్పుడు కూడా మృదంగం దెబ్బ, గాయకుడి గొంతు స్పష్టంగా విడివిడిగా వినిపించడమే దీనివల్ల కలిగే అసలు లాభం.

ముందుగా మీ కారులో కంపెనీ వారే వేరుగా యాంప్లిఫయర్ అమర్చారా అన్నది చూసుకోండి. ఖరీదైన వేరియంట్లలో పేరున్న ఆడియో బ్రాండు ముద్ర ఉంటే చాలావరకు అమర్చినట్టే. అటువంటి కార్లలో సిగ్నల్‌ను ముందే ముక్కలుగా విడగొట్టి ఒక్కో స్పీకరుకు ఒక్కో భాగాన్ని పంపుతారు కాబట్టి, దాన్ని తిరిగి కలిపే డిజిటల్ ప్రాసెసర్ అవసరమవుతుంది. ఆ పనిని అనుభవమున్న దుకాణానికి అప్పగించడం మంచిది. ఇక్కడ చెబుతున్నది నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లున్న మామూలు హ్యాచ్‌బ్యాక్ లేదా సెడాన్ గురించి.

కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన వాట్లను పట్టించుకోకుండా ఆర్‌ఎంఎస్ వాట్లను, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తిని, చూడాలి. సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచినట్టు రాసి ఉంటే, ఆ అంకె 14.4 వోల్టుల వద్ద, 4 ఓమ్‌ల మీద, ఒక శాతానికి మించని వక్రీకరణతో వచ్చినదని నమ్మవచ్చు. స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్, సిగ్నల్ రాగానే తనంతట తానే ఆన్ అయ్యే ఏర్పాటు ఉన్న నాలుగు ఛానెళ్ల క్లాస్ డీ (తక్కువ కరెంటు వృథా చేసే రకం) యాంప్లిఫయర్ దొరికితే సగం పని తేలికవుతుంది. నా అభిప్రాయంలో రెండు ఛానెళ్లను ముందు తలుపుల స్పీకర్లకు ఇచ్చి, మిగిలిన రెండింటినీ బ్రిడ్జ్ చేసి, అంటే కలిపి ఒక్కటిగా వాడి, ఒక చిన్న సబ్‌వూఫర్‌కు (బాస్‌కు మాత్రమే ఉండే స్పీకరు) ఇవ్వడం అన్నిటికంటే మంచి వినియోగం. వెనుక స్పీకర్లను కంపెనీ స్టీరియో మీదే వదిలేసినా ముందు కూర్చున్నవారికి ఏ లోటూ తెలియదు.

తరువాత వైరు లెక్క. ముందు స్పీకర్లకు 50 వాట్ల చొప్పున, సబ్‌వూఫర్‌కు 150 వాట్లు అనుకుంటే మొత్తం 250 వాట్లు. క్లాస్ డీ యాంప్లిఫయర్ సామర్థ్యం సుమారు 80 శాతం కాబట్టి అది బ్యాటరీ నుంచి 312 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టుల వద్ద అది దాదాపు 23 ఆంపియర్లు. దీనికి 8 గేజ్ రాగి వైరు, అంటే 8 చదరపు మిల్లీమీటర్లకు పైబడిన వైరు సరిపోతుంది. మొత్తం 500 వాట్లకు చేరితే 45 ఆంపియర్లు అవుతుంది, అప్పుడు అంతకంటే లావైన 4 గేజ్ కావాలి. చవకగా దొరికే కిట్లలో అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు ఉంటుంది. అదే వాడాల్సి వస్తే ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విప్పి పక్కన పెట్టాలి, వైరింగ్ అంతా పూర్తయ్యాకే తిరిగి బిగించాలి. పాజిటివ్ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండి తీరాలి. ఈ ఫ్యూజు కాపాడేది వైరును. ఎప్పుడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజు దూరంగా ఉన్న పక్షంలో బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్క ఎర్రగా కాలి కారునే అంటించగలదు. బానెట్ నుంచి లోపలికి వచ్చేచోట ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) గుండానే వైరును లాగాలి, ఇనుప రేకు అంచు దానికి తగలకూడదు. లోపల పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి, వాటిని కదపవద్దు. విద్యుత్ కారయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లవద్దు. మనకు కావలసింది అందులోని 12 వోల్టుల చిన్న బ్యాటరీ మాత్రమే.

ఎర్త్ విషయంలో తొందర పడేవారే ఎక్కువ. యాంప్లిఫయర్‌కు దగ్గరలో, అర మీటరు లోపు, కారు బాడీ రేకు మీద పెయింటును మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, వైరు కొసకు నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) లోహపు లగ్‌ను బోల్టుతో గట్టిగా బిగించాలి. ఈ వైరు పాజిటివ్ వైరంత లావుగానే ఉండాలి. సీటు బెల్టు బోల్టును ఇందుకు వాడకూడదు. కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ దగ్గర కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది కాబట్టి, ఎర్త్ వైరును నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపితే కారు లెక్కలు తప్పుతాయి.

యాంప్లిఫయర్‌ను ముందు సీటు కింద గాని, డిక్కీ పక్క గోడకు గాని పెట్టవచ్చు. మన వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి ఎంతగా ఉంటుందో తెలిసిందే కాబట్టి దాని చుట్టూ గాలి ఆడే ఖాళీ వదలాలి. నేలకు స్క్రూలు బిగించేముందు కారు కిందికి దిగి చూడండి. వెనుక సీటు కింద సాధారణంగా పెట్రోలు ట్యాంకు ఉంటుంది, నేల వెంబడి బ్రేకు గొట్టాలు పోతుంటాయి.

ఇక సిగ్నల్. స్టీరియో వెనుక వైర్లను కోయకుండా, మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ హార్నెస్ (రెండు కొసలా కప్లర్లున్న వైర్ల కట్ట) కొని మధ్యలో చేర్చడం అన్ని విధాలా క్షేమం. వారంటీ ప్రశ్న వచ్చినా, కారు అమ్మే రోజు వచ్చినా అన్నీ యథాస్థితికి తీసుకురావచ్చు. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, వేడికి ఆ జిగురు కరిగి జారిపోతుంది. కంపెనీ స్టీరియో స్పీకర్ వైర్లలో నెగటివ్ అనేది ఎర్త్ కాదన్నది తప్పక గుర్తుంచుకోవాలి. రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే ఆరేడు వోల్టులు నిలిచి ఉంటుంది. స్పీకర్ నెగటివ్‌ను బాడీకి కలిపితే స్టీరియోలోని చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. తమకు స్పీకరు తగిలించి లేదని గ్రహించి ఆ ఛానెల్‌ను మూసేసే స్టీరియోలు కూడా కొన్ని ఉన్నాయి. వాటికి తయారీదారు సూచించిన లోడ్ రెసిస్టర్ కలపాలి. యాంప్లిఫయర్‌కు హై లెవెల్ ఇన్‌పుట్ లేకపోతే మధ్యలో స్పీకర్ సిగ్నల్‌ను తగ్గించి ఇచ్చే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ పెట్టి ఆర్‌సీఏ కేబుళ్లు (ఆడియో సిగ్నల్ తీసుకెళ్లేవి) లాగాలి. ఆ కేబుళ్లు కారుకు ఒక పక్కన, పవర్ వైరు మరో పక్కన పోవాలి.

యాంప్లిఫయర్ నుంచి తలుపులకు కొత్త వైర్లు లాగడం కష్టమైన పని. ఛానెల్‌కు 50 వాట్ల వరకు కంపెనీ వైర్లే చాలు కాబట్టి, అవుట్‌పుట్‌ను తిరిగి స్టీరియో వెనుకకు తెచ్చి అదే హార్నెస్ ద్వారా స్పీకర్లకు పంపవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూడండి. ఒక్క స్పీకరు తిరగబడినా బాస్ పలచబడిపోతుంది.

గెయిన్ అమర్చడంలో ఓపిక చూపండి. గెయిన్ మరను చాలామంది వాల్యూమ్ అనుకుంటారు గాని, అది స్టీరియో ఇచ్చే వోల్టేజీకి యాంప్లిఫయర్‌ను సరిజోడు చేసే సాధనం. స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నా వద్ద, బ్యాలెన్స్ మధ్యలో పెట్టి, వేగాన్ని బట్టి శబ్దం పెరిగే సెట్టింగును ఆపేయాలి. యాంప్లిఫయర్‌లో ఫిల్టర్లను ఆఫ్ చేసి, స్పీకర్లను విప్పి, గెయిన్‌ను కనిష్ఠానికి తిప్పాలి. పూర్తి స్థాయిలో రికార్డయిన 1000 హెర్ట్జ్ స్వరాన్ని పెన్‌డ్రైవ్ నుంచి మోగిస్తూ స్టీరియో వాల్యూమ్‌ను ముప్పాతిక వద్ద ఉంచి, మల్టీమీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి అవుట్‌పుట్‌ను కొలవాలి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే మనకు కావలసిన వోల్టేజీ వస్తుంది. 50 వాట్లకు, 4 ఓమ్‌లకు అది 14.1 వోల్టులు. బ్రిడ్జ్ చేసిన 150 వాట్ల ఛానెల్‌కు 50 హెర్ట్జ్ స్వరంతో 24.5 వోల్టులు. గెయిన్‌ను మెల్లగా పెంచుతూ ఆ అంకె వద్ద ఆపేయాలి, తరువాత స్పీకర్లు తగిలించాలి.

ఫిల్టర్లకు ఆరంభంగా 80 హెర్ట్జ్ బాగుంటుంది. తలుపు స్పీకర్లకు హైపాస్ (దానికి పైవాటినే పంపేది), సబ్‌వూఫర్‌కు లోపాస్ (కిందివాటినే పంపేది) పెట్టి, ఆపై చెవితో సర్దుకోవచ్చు. వాల్యూమ్ పెంచేకొద్దీ బాస్ తగ్గిపోతున్నట్టు అనిపిస్తే, కంపెనీ తన చిన్న స్పీకర్లను కాపాడుకోవడానికి స్టీరియోలోనే బాస్‌ను కోస్తోందని అర్థం. గెయిన్ పెంచితే అది తీరదు, బాస్‌ను పునరుద్ధరించే కన్వర్టరో, ప్రాసెసరో కావాలి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దానితోపాటు పెరిగే కూత వినిపిస్తే మొదట ఎర్త్ బోల్టును, తరువాత ఆర్‌సీఏ కేబుళ్ల దారిని చూడండి. సిగ్నల్ కేబుళ్లు విప్పినా కూత ఆగకపోతే లోపం పవర్ లేదా ఎర్త్ వైపున ఉంది, ఆగితే స్టీరియో వైపున ఉంది. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీయే ఉంటుంది కాబట్టి ఇంజను ఆపి గంటల తరబడి పాటలు మోగించవద్దు. కొన్ని వారాలు నడిపాక బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ దగ్గర బోల్టులను మరోసారి బిగించి, ఏ వైరు ఎటు పోయిందో కాగితం మీద గీసి గ్లవ్ బాక్సులో పెడితే సర్వీస్ సెంటర్‌లో పనిచేసేవారికి వైరింగ్ తేలికగా అర్థమవుతుంది.