ఎడమకే పోయే డిస్క్‌తో నా తంటాలు

అమెరికాలో షార్లెట్‌లోని రీడీ క్రీక్ పార్కులో డిస్క్ గోల్ఫ్ (పళ్లెంలాంటి డిస్క్‌ని విసిరి బుట్టలో వేసే ఆట) కోర్సంతా చెట్లే. నేను కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తాను. రెండు నెలలపాటు ఎలా విసిరినా ఆఖర్న ఎడమకి తిరిగి పొదల్లోకే. ఆట కంటే వెతుకులాటే ఎక్కువైంది.

విషయం డిస్క్ మీదే రాసి ఉంది, నేనే పట్టించుకోలేదు: 5, 4, 0, 3. వరసగా వేగం, గాల్లో తేలడం, మొదట్లో కుడికి ఒరగడం, చివర్లో ఎడమకి వాలడం. నాది రోక్3 అనే రకం డిస్క్. ఆ చివరి 3 నా కొంప ముంచింది. బలంగా విసిరేవాళ్లకి ఎదురుగాలిలో అది వరం. నా నిదానపు చేతికి మాత్రం దిబ్బరొట్టె విసిరినట్టే.

ఫ్రెండు బజ్ తీసుకోమన్నాడు (5, 4, -1, 1). అదీ మంచిదే. నేను మాకో3 కొన్నాను: 5, 5, 0, 0. ఎలా వదిలితే అలాగే పోతుంది, అబద్ధం చెప్పదు. అదీ ఎడమకి పోయింది! అప్పుడు దొరికింది అసలు దొంగ: వదిలేటప్పుడు బయటి అంచు కిందికి వాలుతోంది. టీ కప్పులున్న ట్రే పట్టుకున్నట్టు మణికట్టు సమంగా ఉంచడం మొదలుపెట్టా. మూడో వారానికి చెట్ల మధ్యనుంచి తిన్నగా దూరింది.

రోక్3 ఇంకా సంచిలోనే ఉంది, గాలి రోజుల కోసం.