చెరువులోని ఆహారజాలం నిలకడను అంచనా వేయడం ఎలా?

చెరువులో ఎన్ని జాతులున్నాయో లెక్కపెట్టి ధీమాగా ఉండకండి. జాతులూ వాటి మధ్య బంధాలూ యాదృచ్ఛికంగా పెరిగిపోతే వ్యవస్థ నిలకడ తగ్గుతుందని 1972లోనే శాస్త్రవేత్త రాబర్ట్ మే గణితంతో చూపించారు. రెండు సంగతులు కలిపి చూడాలి: ఏ జీవి ఒళ్లు ఎంత, నీటిలో మేత, అంటే శైవలాలు (నాచు), ఎంత.

ముందు ఎవరు ఎవరిని తింటారో గీయండి. బాణం ఎర నుంచి తినే జీవి వైపు వెళ్లాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. శైవలాలు, డాఫ్నియా వంటి జంతుప్లవకాలు (నీటిలో తేలాడే సూక్ష్మ జంతువులు), చిన్న చేపలు, వాటిని తినే పెద్ద చేపలు ఉంటే చాలు.

తర్వాత ప్రతి బాణం పక్కన వేటజీవి బరువు ఎరకు ఎన్ని రెట్లో రాయండి. తూచలేకపోతే పొడవు కొలవండి. ఒకే ఆకారమున్న రెండు జీవుల్లో ఒకటి 10 రెట్లు పొడవైతే, బరువు సుమారు 1,000 రెట్లు ఉంటుంది. అసలు కీలకం ఈ నిష్పత్తిలోనే ఉంది. శరీరం ఖర్చుచేసే శక్తి బరువుతో సమానంగా పెరగదని 1932లో శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ గుర్తించారు. ఆయన సూత్రం ప్రకారం బరువు 10,000 రెట్లు పెరిగితే ఖర్చు 1,000 రెట్లే అవుతుంది, అంటే గ్రాముకు పదో వంతు. అందుకే పెద్ద వేటజీవి తన బరువుకు తగ్గట్టు చూస్తే తక్కువే తింటుంది, నిదానంగా పిల్లల్ని కంటుంది. ఎర ఒక్కసారిగా పెరిగినా వేటజీవి సంతతి వెంటనే ఎగబడదు. పరాన్నజీవులను, గుంపుగా వేటాడేవాటిని మాత్రం ఈ లెక్కలో కలపకండి.

మేత కొలవడం సులువు. నలుపు తెలుపు రంగుల సెక్కీ పళ్లేన్ని నీటిలోకి దించి, కనుమరుగయ్యే లోతు రాసుకోండి. శైవలాలు ఎక్కువైతే లోతు తగ్గుతుంది. బురద కూడా అదే పని చేస్తుంది కాబట్టి వాన వెలిసిన మర్నాడు కొలిస్తే మోసపోతారు.

ఇప్పుడు రెండూ కలపండి. మేత ఎక్కువైతే మంచిదేగా అనిపిస్తుంది. కానీ అది వేటజీవి, ఎర సంఖ్యల్లో ఊగిసలాటను పెంచి, చివరికి రెండింటినీ అంతరించేలా చేయవచ్చని 1971లో పర్యావరణ శాస్త్రవేత్త మైఖేల్ రోజెన్‌జ్వైగ్ వివరించారు. ప్రయోగశాలలో డిడీనియం అనే ఏకకణ వేటజీవి, తన ఎర అయిన పారమీషియం అనే మరో ఏకకణ జీవిని పూర్తిగా తినేసి తానూ ఆకలితో చచ్చేది. 1973లో పరిశోధకుడు లకిన్‌బిల్ వాటి కదలిక నెమ్మదించేలా ద్రవాన్ని చిక్కబరచి, పారమీషియం మేతను తగ్గించాకే అవి చాలా రోజులు కలిసి బతికాయి.

కాబట్టి మేత పుష్కలంగా ఉండి, వేటజీవి ఎర కన్నా కొద్దిగానే పెద్దదైతే ఆ బాణానికి ఎర్రగీత పెట్టండి. అదే మేతలో నిష్పత్తి పెద్దదైతే ఊపు అణిగే అవకాశం ఎక్కువ. మేత తక్కువైన నీటిలో భారీ వేటజీవి కనిపిస్తే ఊగిసలాట గురించి కాదు, దాని కడుపు నిండుతుందా అన్నది చూడండి. అన్ని చెరువులకూ సరిపోయే నిష్పత్తి కోసం వెతకడం వృథా.

రెండు వారాలకోసారి ఒక్కో జాతి సంఖ్యనూ మేతనూ మళ్లీ లెక్క తీసుకోండి. సగటు కన్నా కనిష్ఠ సంఖ్యనే జాగ్రత్తగా గమనించండి. ఒక జాతి మాయమయ్యేది సగటు దగ్గర కాదు, ఊగిసలాట అడుగుకు చేరినప్పుడు.