డీఎస్ఎల్ఆర్‌తో వీడియో – 4వ పాఠం: వెనక తెరని నమ్మి మోసపోవద్దు

పోయిన పాఠంలో సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే షటర్ స్పీడ్ 1/50 సెకను దగ్గర ఎందుకు ఉంచాలో చూశాం. ట్యూబ్‌లైట్ కింద తీసి చూడమన్న ఇంటిపని చేశారనుకుంటాను. చేయకపోతే ముందు అది పూర్తి చేయండి. ఈ పాఠానికి ఆ 1/50 కావాలి.

ఈసారి ఫోకస్. నేను మా పిన్ని దగ్గర తిట్లు తిన్న పెళ్లితో మొదలుపెడతాను.

తలంబ్రాల ఘట్టం. 50 ఎం.ఎం. లెన్స్‌ని ఎఫ్ 1.8 దగ్గర పెట్టి (అంటే లెన్స్ లోపలి రంధ్రాన్ని బాగా తెరిచి; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఆటోఫోకస్ అలాగే వదిలేసి, పెళ్లికూతురి ముఖం మీద ఫ్రేమ్ పెట్టి రికార్డ్ నొక్కాను. కెమెరా వెనక తెర మీద బ్రహ్మాండంగా ఉంది. రాత్రి టీవీలో పెట్టి చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దోసిట్లోంచి బియ్యం లేచిన ప్రతిసారీ లెన్స్ ఆ గింజల వెంట పరుగెత్తింది. అవి కింద పడ్డాక ముఖం కోసం మళ్లీ వెతుక్కుంది. నాలుగు నిమిషాల వీడియోలో అమ్మాయి కళ్లు తేటగా ఉన్నది అర నిమిషం కూడా లేదు. మండపం స్తంభానికి చుట్టిన బంతిపూల దండ మాత్రం రేకు రేకూ లెక్కపెట్టుకోవచ్చు.

అక్కడ నేను చేసిన తప్పులు రెండు. ఆటోఫోకస్‌ని నమ్మాను, తెరని నమ్మాను.

ఆటోఫోకస్ సంగతి ముందు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఫొటో తీసేటప్పుడు, లోపలి అద్దం కొంత వెలుతురుని కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కి పంపుతుంది. లెన్స్ ఎటు తిరగాలో, ఎంత తిరగాలో అది ఒక్క చూపులో తేల్చేస్తుంది. వీడియోకి ఆ అద్దం పైకి లేచిపోతుంది. ఇక ఆ సెన్సర్‌కి వెలుతురు అందదు. అప్పుడు చాలా పాత మోడళ్లు కాంట్రాస్ట్‌ని (వెలుగు నీడల తేడాని) బట్టి తడుముకుంటాయి: కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు, చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు. 2013లో వచ్చిన కెనాన్ 70డి ఈ బాధ చాలావరకు తీర్చింది. బొమ్మ తీసే సెన్సర్‌లోనే దూరం కనిపెట్టే ఏర్పాటు పెట్టారు. 80డి, 200డిలలోనూ అది ఉంది. నైకాన్ డీఎస్ఎల్ఆర్‌లలో అలాంటిది 2020లో డి780తో గానీ రాలేదు. మీ దగ్గర 200డి ఉంటే ముఖాన్ని బాగానే పట్టుకుంటుంది. అయినా హోమం పొగ, ఎగిరే బియ్యం, లెన్స్‌కి అడ్డంగా నడిచి వెళ్లే మేనమామ... వీటిలో ఎవరు ముఖ్యమో దానికి తెలియదు. మీకు తెలుసు. అందుకే మాన్యువల్, అంటే లెన్స్ మీది రింగుని చేత్తో తిప్పి ఫోకస్ పట్టడం.

ఇక తెర. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో దాదాపు 20 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. మామూలు 3 అంగుళాల తెర మీద 10.4 లక్షల చుక్కలు అని రాసి ఉంటుంది కానీ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తేనే ఒక పిక్సెల్. అంటే మూడున్నర లక్షలే. మీరు తీస్తున్న దానిలో ఆరో వంతు చూసి ‘బాగుంది’ అనుకుంటున్నారన్నమాట. అంత చిన్నగా చూస్తే మసక కూడా ముద్దుగానే కనిపిస్తుంది.

కాబట్టి రికార్డ్ నొక్కకముందే భూతద్దం గుర్తున్న బటన్ నొక్కండి. కెనాన్‌లో 5 రెట్లు, మళ్లీ నొక్కితే 10 రెట్లు పెద్దదవుతుంది. మనిషైతే కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి రెప్పవెంట్రుకల మీద, చీరైతే జరీ అంచు మీద చూడండి. రింగు తిప్పుతూ పోతే తేటపడి, మళ్లీ మసకబారుతుంది. ఆ మసక మొదలయ్యే దాకా వెళ్లి వెనక్కి రండి. దాటి వస్తేనే శిఖరం ఎక్కడుందో తెలుస్తుంది. ఆటోఫోకస్‌తో పట్టినా ఫరవాలేదు, పట్టాక లెన్స్ మీద స్విచ్‌ని ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) జరపండి. రికార్డింగ్ మధ్యలో ఈ భూతద్దం చాలా మోడళ్లలో పనిచేయదు, అందుకే ముందే చేసుకోవాలి.

ఒక పాత చిట్కా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: జూమ్ చేసి ఫోకస్ పట్టి, తర్వాత వెడల్పుకి రమ్మని. వీడియో కెమెరా లెన్సులతో అది నిజం. మన ఫొటో జూమ్‌లలో చాలావాటికి జూమ్ తిప్పితే ఫోకస్ కూడా జరిగిపోతుంది. ఏ ఫ్రేము తీయబోతున్నారో అక్కడే ఉంచి ఫోకస్ పట్టండి.

ఇప్పుడు అసలు విషయం. ఫోకస్ అంటే దూరం. 200డి, 700డి లాంటి చిన్న సెన్సర్ కెమెరాల మీద 50 ఎం.ఎం. లెన్స్‌ని ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే తేటగా ఉండే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. మనిషి కొంచెం ముందుకి వంగితే చాలు, పోయింది. 1 మీటరుకి వస్తే 3 సెంటీమీటర్లు కూడా ఉండదు, ముక్కు కొసకీ కంటికీ ఒకేసారి సరిపోదు. అదే 2 మీటర్ల దగ్గర ఎఫ్ 5.6 పెడితే అడుగు పైనే ఉంటుంది. వెనక మసకగా ఉంటేనే ‘సినిమా లుక్’ అన్న మోజులో నేను చాలా రోజులు ఎఫ్ 1.8 వదల్లేదు. మీరు ఎఫ్ 4తో మొదలుపెట్టండి. లోపల వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ బొమ్మని ప్రకాశవంతం చేసే అంకె) పెంచండి. బొమ్మ కాస్త గరుకుగా వస్తుంది. అలా గింజలు గింజలుగా ఉన్న వీడియోని ఎడిటింగ్‌లో కొంత బాగుచేసుకోవచ్చు, ఫోకస్ తప్పిన దాన్ని ఏం చేయలేం.

ఒక్కరే పెళ్లంతా తిరుగుతూ తీయాల్సి వస్తే ఇది గుర్తు పెట్టుకోండి: అవే కెమెరాల మీద కిట్ లెన్స్‌ని (కెమెరాతో పాటు వచ్చే జూమ్) 18 ఎం.ఎం., ఎఫ్ 5.6 దగ్గర పెట్టి, 10 అడుగుల దూరానికి ఫోకస్ పట్టి వదిలేస్తే సుమారు 5 అడుగుల నుంచి కనుచూపు మేర దాకా తేటగానే ఉంటుంది. ఆ రోజు నాకిది తెలిసుంటే తిట్లు తప్పేవి.

మనిషి నడుస్తుంటే? సినిమా సెట్లో ఫోకస్ పుల్లర్ అని ఒక మనిషి ఉంటాడు. అతని పనే ఇది. టేపు పట్టి నటుడి దూరం కొలుచుకుని, నేల మీద గుర్తులు పెట్టుకుని, నడకకి తగ్గట్టు రింగు తిప్పుతాడు. మనమూ అదే చేయొచ్చు. గుమ్మం దగ్గర ఒకటి, కుర్చీ దగ్గర ఒకటి సుద్దముక్కతో గీత గీయండి. ఎవరినైనా ఒక్కో గీత మీద నిలబెట్టి భూతద్దంతో ఫోకస్ పట్టి, రింగు మీద అంటించిన కాగితపు టేపుపై పెన్నుతో గుర్తు పెట్టండి. మనిషి నడిచినంత సేపూ ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకి తిప్పడమే. పేరులో ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) అని ఉన్న లెన్సులకి ఇది కుదరదు: వాటి రింగు మోటారుకి సంకేతం మాత్రమే ఇస్తుంది, రెండు చివర్లా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పాత మాన్యువల్ లెన్సులకి ఈ పనిలో సాటి లేదు.

రింగు తిప్పితే కెమెరా కదులుతుంది, ట్రైపాడ్ తప్పనిసరి. ఇంకొకటి, 1/50 దగ్గర ఊపిన చెయ్యి మసకగా రావడం సహజం. అది ఫోకస్ తప్పు కాదు. వీడియోని ఒక ఫ్రేము దగ్గర ఆపి చూడండి. కదలని వస్తువులు తేటగా ఉండి చెయ్యి ఒక్కటే ఒక వైపుకి సాగినట్టుంటే కదలిక. ముఖం అన్ని వైపులా ఉబ్బినట్టు మసకగా ఉండి, దాని వెనకదో ముందుదో తేటగా ఉంటే ఫోకస్.

ఇంటిపని: దినపత్రికని బల్ల మీద పరచండి. కెమెరాని ట్రైపాడ్ మీద ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఒక వరుసకి పెన్సిల్ గీత గీసి దాని మీద ఫోకస్ పట్టండి. ఎఫ్ 1.8, 4, 8 దగ్గర (కిట్ లెన్స్ అయితే 5.6, 8, 11) పది పది సెకన్లు తీయండి. కెమెరా తెర మీద కాదు, టీవీలోనో కంప్యూటర్‌లోనో చూసి ఒక్కో దానిలో ఎన్ని వరుసలు చదవగలిగారో రాసుకోండి. గీత గీసిన వరుస కంటే దాని ముందుదో వెనకదో ఎక్కువ తేటగా వచ్చిందంటే భూతద్దం నొక్కలేదన్నమాట. మళ్లీ తీయండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే పని.